అర్ధరాత్రి తిండికి మందు పొద్దుటి టిఫిన్

మీరు అడిగినవి మూడు. అర్ధరాత్రి అలా తినడం జబ్బా, లేక మనసు మీద పట్టు లేకపోవడమా? దీన్ని వెంటనే ఆపేదెలా? ఈ రెండేళ్లలో ఎక్కిన 14 కిలోలు దించేదెలా? నేను క్లినికల్ సైకాలజిస్టుని. తిండి దగ్గర అదుపు తప్పుతోందని వచ్చేవాళ్లని చాలా ఏళ్లుగా చూస్తున్నాను. అందుకే ముందుగానే చెప్పేస్తున్నాను: మూడో ప్రశ్నని కొన్ని నెలలు పక్కన పెడితే తప్ప మొదటి రెండూ తెగవు. వినడానికి కష్టంగా ఉంటుందని తెలుసు.

చదివే మిగతావాళ్ల కోసం మీరు రాసినదాన్ని కాస్త కుదించి చెప్తాను. వయసు ముప్పై, సొంతూరు భీమవరం, ఉద్యోగం మాదాపూర్‌లో. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు దాకా షిఫ్టు. జిమ్‌లో ట్రెయినర్ చెప్పాడని పదహారు గంటలు ఉపవాసం, ఎనిమిది గంటల్లోనే తిండి అనే పద్ధతి మొదలుపెట్టారు. పొద్దున బ్లాక్ కాఫీ. ఒంటిగంటకి రెండు ఉడకబెట్టిన గుడ్లు, కీరా ముక్కలు. సాయంత్రం గ్రీన్ టీ. ఎనిమిదికి క్యాంటీన్‌లో ఒక పుల్కా, కాస్త పప్పు. క్యాబ్ దిగి గదికొచ్చేసరికి పన్నెండు. వారంలో మూడు నాలుగు రాత్రులు రెండు యాప్‌లలో రెండు ఆర్డర్లు పెడతారు, ఒకే దాంట్లో అంత తెప్పిస్తే ఒక్కడికే అని తెలిసిపోతుందని. బిరియాని, నాన్, గులాబ్ జామ్, అవి అయ్యాక అమ్మ పంపిన డబ్బాలో జంతికలు. ముప్పావు గంటలో అన్నీ ఖాళీ. కవర్లన్నీ మూటగట్టి, రూమ్మేట్ లేవకముందే వీధి చివర చెత్తకుండీలో వేసొస్తారు. పడుకునే ముందు ‘రేపటి నుంచి బంద్’ అని ఒట్టు. మర్నాడు సాయంత్రం దాకా మంచినీళ్లు, పైగా ట్రెడ్‌మిల్ మీద రెండు గంటలు. డాక్టరుకి చెప్తే ‘రాత్రిళ్లు తగ్గించు’ అన్నారు. స్నేహితుడికి చెప్తే ‘మగాడివి, ఆమాత్రం తినకపోతే ఎలా’ అని నవ్వాడు.

ఇది జబ్బే. దీనికి పేరుంది, వైద్యముంది.

సంక్రాంతికి అత్తారింట్లో విస్తరి ముందు కూర్చున్న అల్లుడు కూడా కడుపు పట్టనంత తింటాడు. అందరి ముందు తింటాడు, నవ్వుతూ తింటాడు, చాలనిపిస్తే చెయ్యి అడ్డం పెడతాడు. మీ విషయంలో ఆ చెయ్యి అడ్డం పడటం లేదు. వైద్యులు మొదట వెతికే గుర్తు ఇదే. ఎంత తిన్నారన్నది ఎలాగూ చూస్తారు, దానితోపాటు ఆపాలనుకున్నా ఆపలేకపోయారా అన్నది అడుగుతారు. మామూలుకన్నా చాలా వేగంగా తినడం, కడుపు నొప్పి పుట్టేదాకా తినడం, ఆకలి లేకుండానే తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తిన్నాక తన మీద తనకే అసహ్యం వేయడం, ఈ అయిదింటిలో కనీసం మూడు ఉండాలి. ఇలా వారానికి ఒకసారైనా, మూడు నెలలపాటు జరుగుతుంటే బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. మీరు రాసిన ఉత్తరంలో అయిదూ ఉన్నాయి.

ఒక మెలిక కూడా ఉంది. తిన్నదాన్ని ‘సరిచేయడానికి’ మర్నాడంతా పస్తుండటం, ఒళ్లు హూనమయ్యేలా వ్యాయామం చేయడం ప్రతివారం జరుగుతుంటే దాన్ని బులీమియా నెర్వోసా కింద చూడాల్సి వస్తుంది. బులీమియా అంటే వాంతి చేసుకోవడమే అని చాలామంది అనుకుంటారు. ఉపవాసమూ అందులో లెక్కే. మీది ఏదన్నది ఎదురుగా కూర్చుని అడిగి తేల్చాల్సిన విషయం, నేను ఇక్కణ్నుంచి చీటీ రాయను. వైద్యానికి పునాది మాత్రం రెంటికీ దాదాపు ఒకటే కాబట్టి కింద చెప్పేవి ఎలాగూ పనికొస్తాయి.

మీ డాక్టరు మీద కోపం పెట్టుకోకండి. ఈ సమస్యను ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1959లోనే వర్ణించి రాశారు. కానీ అమెరికన్ సైకియాట్రిస్టుల రోగనిర్ధారణ గ్రంథంలో దానికి సొంత పేరు, సొంత పేజీ దొరికింది 2013లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జాబితా, దీన్ని వేరే జబ్బుగా చేర్చినది, అమల్లోకి వచ్చింది 2022లో. అంతకుముందు చదువుకున్న వైద్యుల్లో చాలామందికి ఇది పాఠంలోనే లేదు. మగవాళ్లకి రాదన్నది కూడా ఒట్టి మాట. 2007లో అచ్చయిన ఒక పెద్ద అమెరికా సర్వేలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు పడ్డవాళ్లు ఆడవాళ్లలో నూటికి 3.5, మగవాళ్లలో నూటికి 2. బులీమియాతో పోలిస్తే ఆడామగా తేడా దీనిలో తక్కువ. మగవాళ్లు చెప్పుకోరు, చెప్పుకున్నా మీ స్నేహితుడిలాంటి వాళ్లు నవ్వేస్తారు.

మనసు మీద పట్టు లేదంటారా? పట్టు లేనివాడు పదహారు గంటలు ఖాళీ కడుపుతో క్లయింట్ కాల్స్ నడపలేడు. మీకు పట్టు ఎక్కువై వచ్చింది ఈ తంటా. ఊపిరి బిగబట్టినవాడు చివరికి నోరు తెరిచి గుక్క తిప్పుకోకుండా గాలి పీల్చుకుంటాడు, దాన్ని గాలి మీద ఆశ అని ఎవరూ అనరు కదా.

మీ తిండి వివరాలు మళ్లీ ఒకసారి చదవండి. పొద్దున తొమ్మిదికి లేస్తారు. అప్పట్నుంచి రాత్రి పన్నెండు దాకా కడుపులో పడ్డది రెండు గుడ్లు, కీరా, ఒక పుల్కా, గరిటెడు పప్పు. ఆ పన్నెండు గంటలప్పుడు ఒంటరిగా, అలసిపోయి, చేతిలో ఫోనుతో కూర్చుంటారు. ఆ రాత్రి ఏం జరగబోతోందో ఒంటిగంట భోజనం దగ్గరే తేలిపోయింది. రాత్రి చేసిన తప్పు అని మీరు అనుకుంటున్నది పొద్దున మొదలైంది.

దీనికి సాక్ష్యం పాతదే. రెండో ప్రపంచ యుద్ధం ఆఖర్లో, 1944-45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకి ఆర్నెల్లపాటు సగం తిండి పెట్టి చూశారు. యుద్ధంలో ఆకలితో అల్లాడిన జనాన్ని మళ్లీ మనుషుల్ని చేయడం ఎలాగో తెలుసుకోవడానికి చేసిన పని అది. ఆ కుర్రాళ్లు వాళ్లంతట వాళ్లు ఒప్పుకుని వచ్చినవాళ్లు, తిండి గొడవ ముందెన్నడూ లేనివాళ్లు. కొన్ని వారాలకే వాళ్ల మాటలూ కలలూ తిండి చుట్టూ తిరిగాయి. వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదివారు, పళ్లేలు నాకారు. మళ్లీ కడుపునిండా పెట్టడం మొదలయ్యాక కొందరు తిన్నకొద్దీ తిన్నారు, కడుపు నిండినా ఆకలి తీరలేదన్నారు. ఆ ప్రయోగంలో పెట్టిన ‘సగం తిండి’, ఇప్పుడు యూట్యూబ్‌లో నెలకి పది కిలోలు అని చెప్పే కొన్ని చార్టుల కంటే ఎక్కువే.

ఇంకోటి 1975 నాటిది, నాకు బాగా ఇష్టమైన ప్రయోగం. హెర్మన్, మాక్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థినులకి మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత రుచి చూసే పని పేరుతో ఐస్‌క్రీమ్ ముందు కూర్చోబెట్టారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. డైటింగ్‌లో ఉన్నవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు. ‘ఎలాగూ నియమం చెడింది, ఇవాళ్టికి కానిచ్చేద్దాం’ అన్న లెక్క అది. మీ మొదటి ఆర్డర్‌కీ రెండో ఆర్డర్‌కీ మధ్య జరిగేది కూడా అదే. మొదటి బిరియానికి కారణం ఆకలి. గులాబ్ జామ్‌కీ జంతికలకీ కారణం ‘రేపటి నుంచి బంద్’ అన్న ఒట్టు. రేపటి నుంచి దొరకదని తెలిసిన మనసు ఇవాళే నింపేసుకుంటుంది. అందుకే ‘చీట్ డే’ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆరు రోజుల కట్టడికి ఏడో రోజు ఉప్పెనని ఒక పద్ధతిలా జిమ్ముల్లో నేర్పుతున్నారు.

ఆకలి ఒక్కటే కారణమని అనను. మేనేజర్ మాట అన్న రోజు, అమ్మ ఫోన్‌లో ‘ఫలానా వాళ్లబ్బాయికి సంబంధం కుదిరింది’ అన్న రోజు ఎక్కువవుతుందని మీరే రాశారు. తినే ఆ ముప్పావు గంటసేపు బుర్ర మొద్దుబారుతుంది, అదే దాని ఉపకారం. మందు తాగిన శనివారాల సంగతి కూడా ఇంతే, ఉన్న కాస్త అదుపూ మందుతో పోతుంది. ఇవన్నీ చూసుకోవాల్సినవే. కానీ ఖాళీ కడుపుతో ఉన్న మనిషికి మనసు గురించి ఎంత చెప్పినా తలకెక్కదు, ముందు తిండి సరిపడాలి.

ఇక చేయాల్సిన పని. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన చికిత్సలో మొదటి మెట్టు వేళకి తినడం. రోజుకి మూడు పూటలు, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు, మెలకువగా ఉన్నంతసేపూ నాలుగు గంటలకు మించి ఖాళీ లేకుండా. మీ షిఫ్టుకి దాన్ని ఇలా సర్దుతాను. తొమ్మిదికి లేస్తే పదిలోపు టిఫిన్, ఇడ్లీయో పెసరట్టు ఉప్మాయో, చట్నీతో సహా. ఆఫీసుకి బయల్దేరే ముందు ఒంటిగంటకి అన్నం, పప్పు, కూర, పెరుగు, మామూలు ఇంటి భోజనం. అయిదింటికి చేతికి అందేదేదైనా, అరటిపండు, గుప్పెడు వేరుశనగలు, ఆఖరికి క్యాంటీన్‌లో సమోసా అయినా సరే. ఎనిమిదిన్నరకి పూర్తి భోజనం, ఒక పుల్కా కాదు. గదికొచ్చాక పన్నెండున్నరకి చిన్న గిన్నెడు పెరుగన్నం, మీకు ఇష్టమైతే ఆవకాయ బద్దతో. ఈ ఆఖరిది తప్పించకండి. ‘రాత్రి తినకూడదు’ అన్న నియమమే మిమ్మల్ని ఇక్కడికి తెచ్చింది. అర్ధరాత్రి తినాలని ముందే అనుకుని, గిన్నెలో పెట్టుకుని, కూర్చుని తింటే అది భోజనం.

ఆకలి వేసినప్పుడే తినండని చాలామంది చెప్తారు. మంచి సలహానే, మీకు ఇప్పుడు కాదు. రెండేళ్ల పస్తులకీ విందులకీ మీ ఆకలి తప్పుడు వేళల్లో కూస్తోంది, కడుపు నిండిన కబురు ఆలస్యంగా అందుతోంది. కొన్నాళ్లు గడియారం చూసి తినండి. ఆకలిగా ఉన్నా లేకపోయినా వేళకి తినండి, వేళ కానప్పుడు తర్వాతి పూట ఎంతసేపట్లో ఉందో చూసుకోండి.

అన్నిటికంటే కష్టమైన పూట ఏదో చెప్తాను. రాత్రి అంతా అయిపోయింది. పొద్దున తొమ్మిదికి లేచారు. పొట్ట బండలా ఉంది, నోరు చేదుగా ఉంది, అద్దంలోకి చూడబుద్ధి కావడం లేదు. ఎదురుగా ప్లేట్‌లో రెండు ఇడ్లీలు. ఒంట్లో ప్రతి అణువూ వద్దంటుంది. తినండి. మూడు కాకపోతే రెండు, రెండు కాకపోతే ఒకటిన్నర, కానీ ఆ పూట ఎగ్గొట్టకండి. ఈ జబ్బు గొలుసులో చేత్తో పట్టుకుని తెంపగలిగిన చోటు అదొక్కటే. అర్ధరాత్రి పన్నెండున్నరకి మీ చేతిలో ఉన్నది చాలా తక్కువ, పొద్దున పదింటికి చాలా ఉంది. నా దగ్గరకి వచ్చినవాళ్లలో ఈ ఒక్క పని పట్టుకుని చేసినవాళ్లకి వారాల్లో రాత్రుళ్లు తేలికపడటం చూశాను. రాత్రి తిన్నదాన్ని మర్నాడు పస్తుతో కొట్టేయాలని చూసినవాళ్లు ఎన్ని పుస్తకాలు చదివినా అక్కడే తిరుగుతుండటమూ చూశాను.

రెండోది రాసుకోవడం. కేలరీలు వద్దు, ఆ యాప్‌లు ఫోన్‌లోంచి తీసేయండి. చిన్న నోట్‌బుక్‌లో వేళ, ఎక్కడ, ఏం తిన్నారు, అదుపులో ఉందా లేదా, అప్పుడు మనసులో ఏముంది, ఇంతే. పడుకునే ముందు గుర్తుచేసుకుని కాదు, తిన్న వెంటనే రాయాలి. ఎలా ఉంటుందో చూపిస్తాను. ‘మంగళవారం. 10:00, గది, రెండు ఇడ్లీ, సరే. 1:00, భోజనం ఎగ్గొట్టా, లేటయింది. 5:30, ఆఫీసు, బర్త్‌డే కేక్ ముక్క, తినకుండా ఉండాల్సింది అనిపించింది. 8:30, కేక్ తిన్నానని పుల్కా మానేశా. 12:25, మంచం మీద ఫోన్ చూస్తూ, బిరియాని, తర్వాత రెండో ఆర్డర్, అదుపు లేదు. మేనేజర్ మెసేజ్ గుర్తొస్తూనే ఉంది.’ ఇలాంటి పేజీ చదివితే ఎవరికైనా తెలుస్తుంది, ఆ రాత్రికి దారి వేసినవి ఎగ్గొట్టిన భోజనం, మానేసిన పుల్కా. కేక్ ముక్క పాపం ఏమీ చేయలేదు. రెండు వారాలు రాస్తే మీ పేజీల్లో మీ దారి మీకే కనిపిస్తుంది.

ఇవి చేస్తున్నా కొన్ని రాత్రులు కోరిక వస్తుంది. తినేదాకా అది పెరుగుతూనే పోతుందని ఆ సమయంలో నమ్మకంగా అనిపిస్తుంది. చాలాసార్లు అరగంట లోపే దిగిపోతుంది. ఆ అరగంటకి ఏం చేయాలో పగటిపూటే చీటీ మీద రాసి పెట్టుకోవాలి, అప్పటికప్పుడు బుర్ర పనిచేయదు. స్నానం, బట్టలు మడతపెట్టడం, డాబా మీదకి వెళ్లి అమెరికాలో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేయడం, వాళ్లకి అది పగలే కదా. ‘వద్దు వద్దు’ అనుకుంటూ మంచం మీద కూర్చోవడం మాత్రం పనిచేయదు. యాప్‌లలో దాచిన కార్డు వివరాలు తీసేయండి, నోటిఫికేషన్లు ఆపేయండి. అర్ధరాత్రి పన్నెండుకి సగం ధరకి డిజర్ట్ అని ఫోన్ మోగడం మీలాంటివాళ్లకి ఎంత పరీక్షో ఆ ఆఫర్లు తయారుచేసేవాళ్లకి తెలియదనుకోను. అయితే ఇవన్నీ రెండో వరస రక్షణలే. పగలు తినకుండా వీటి మీద ఆధారపడితే వారం కూడా నిలవవు.

అమ్మ పంపే పార్సిల్ గురించి అడిగారు, వద్దని చెప్పేయాలా అని. వద్దు. నాలుగైదు వారాలు వేళకి తినడం కుదిరాక ఆ జంతికలనీ సున్నుండలనీ మీ తిండిలోకి తిరిగి తెచ్చుకోవాలి. నిషేధం పెట్టినంతకాలం వాటికి అంత బలం ఉంటుంది. కుదురుగా ఉన్న రోజు చూసుకోండి, ఆఫీసు గొడవ లేని ఆదివారం లాంటిది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు కాకుండా భోజనం అయ్యాక, రూమ్మేట్ ఎదురుగా ఉన్నప్పుడు, ఒక సున్నుండ ప్లేట్‌లో పెట్టుకుని డబ్బా మూతపెట్టి లోపల పెట్టేయండి. ఫోన్ పక్కన పడేసి తినండి. కొరికితే పొడిపొడిగా రాలే పిండి, వేలికి అంటే నెయ్యి, వేగిన మినప్పప్పు వాసన. రెండేళ్లుగా మీరు సున్నుండలు డబ్బాలకొద్దీ తిన్నారు, ఒక్కదాని రుచీ తెలిసి ఉండదు. తినేశాక భయం వేస్తుంది, ఇప్పుడు మొత్తం తినేస్తానేమో అని. ఆ భయంతోనే బయటికి నడిచి రండి. మూడు నాలుగు ఆదివారాల తర్వాత భయం తగ్గుతుంది. డబ్బా ఎక్కడ పెట్టాలన్న దానికి నా జవాబు ఉమ్మడి వంటగదిలో. మీ బీరువాలో బట్టల వెనక కాదు.

బరువు గురించి నిజం చెప్పాలి. ఈ చికిత్సతో అర్ధరాత్రి తిండి తగ్గుతుంది, బరువు పెద్దగా తగ్గదు. బ్రిటన్ ఆరోగ్య సేవలకి సలహాలిచ్చే సంస్థ నైస్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ సంగతి రోగికి ముందే చెప్పమని రాసింది. పెరగడం ఆగుతుంది, చాలామందికి అదే పెద్ద మార్పు. కొందరు కొంత తగ్గుతారు. అదుపు చిక్కి కొన్ని నెలలు నిలిచాక, బరువు గురించి తప్పకుండా ఆలోచించవచ్చు, ఈ జబ్బు గురించి తెలిసిన డైటీషియన్‌తో. ఈలోగా మెషిన్ ఎక్కడం వారానికి ఒకసారి, ఒకే రోజు. పొద్దున ఎక్కి, మధ్యాహ్నం ఎక్కి, ఉప్పు తిన్నందుకు నిలిచిన నీటిని కొవ్వనుకుని ఆ రోజంతా పస్తుండే మనుషులు నాకు తెలుసు. జిమ్ మానొద్దు, శిక్షగా మాత్రం వెళ్లొద్దు. ఆటగానో, బరువులెత్తడం ఇష్టమనో వెళ్లండి. రాత్రి తిన్నది కరిగించడానికి రెండు గంటల ట్రెడ్‌మిల్ అనేది మీ జబ్బులో ఒక ముక్క.

నాన్నగారికి షుగర్ ఉందన్నారు కాబట్టి మీరొకసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష), బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. చదివేవాళ్లలో షుగర్ మందులు వాడేవాళ్లుంటే వాళ్లకి వేరుగా చెప్పాలి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వేసుకుని పూట ఎగ్గొడితే షుగర్ పడిపోతుంది, ఆ వణుకులో చేతికి దొరికిందల్లా తినేస్తారు, అది బింజ్‌లాగే కనిపిస్తుంది. తిండి వేళలు మార్చే ముందు మీ డాక్టరుతో మాట్లాడండి, తిన్నదానికి శిక్షగా ఇన్సులిన్ ఎప్పుడూ మానకండి. స్టెరాయిడ్లు, ఒలాంజపిన్ లాంటి మందులు కూడా ఆకలిని బాగా పెంచుతాయి, అనుమానం ఉంటే రాసిన డాక్టర్ని అడగండి గానీ సొంతంగా ఆపొద్దు. వాంతి చేసుకోవడం మొదలుపెట్టినవాళ్లు వారాలు ఆగకండి. ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది, చాలాసార్లు బయటికి ఏమీ తెలియదు. కళ్లు తిరగడం, గుండె దడ ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మందుల సంగతి సైకియాట్రిస్టు చూస్తారు. బులీమియాకి ఫ్లూక్సెటిన్ అనే కుంగుబాటు మందుని చాలాకాలంగా వాడుతున్నారు. బింజ్ ఈటింగ్‌కి అమెరికాలో 2015లో లిస్‌డెక్స్‌ఆంఫెటమిన్ అనే మందుకి అనుమతిచ్చారు, దానికి అలవాటుపడే ప్రమాదం ఉంది కాబట్టి ఎవరో తెచ్చిచ్చారని వేసుకునేది కాదు. కుంగుబాటు, ఆందోళన కూడా ఉంటే మందు బాగా అక్కరకొస్తుంది. బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి ఇప్పుడు ప్రతి ఒక్కరూ అడుగుతున్నారు. ఈ జబ్బుకి మందుగా వాటికి అనుమతి లేదు. తీసుకోవాలనుకుంటే ఈ అలవాటు ఉందని రాసే డాక్టరుకి దాచకుండా చెప్పండి.

మనిషి సాయం కావాలంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచననీ అలవాటునీ కలిపి మార్చే చికిత్స, పైన చెప్పిన ఫెయిర్‌బర్న్ పద్ధతి ఈ రకమే) తెలిసిన సైకాలజిస్టుని వెతకండి. పూర్తి చికిత్స సుమారు ఇరవై వారాలు, వారానికి ఒకసారి. ఫోన్ చేసినప్పుడే ‘తిండి సమస్యలున్నవాళ్లని చూశారా, ఎలా చూస్తారు’ అని అడగండి, అడగడం తప్పేం కాదు. మొదటి రోజే డైట్ చార్టు చేతిలో పెడితే ఇంకొకరిని చూసుకోండి. డబ్బు ఇబ్బందైతే హైదరాబాద్ ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. మీ ఉత్తరంలో ‘ఒక్కోసారి లేకపోతేనే మేలనిపిస్తుంది’ అన్న వాక్యం ఒకటుంది. దాన్ని నేను దాటేయలేదు. ఆ ఆలోచన వచ్చిన రాత్రి ఈ నంబరుకి ఫోన్ చేయండి, రూమ్మేట్‌ని లేపండి. ఏమీ అనుకోడు.

రూమ్మేట్‌కి మిగతాది కూడా చెప్తే మంచిదని నా అభిప్రాయం. అంతా విప్పక్కర్లేదు. ‘నాకు రాత్రిళ్లు తిండి దగ్గర అదుపు తప్పే జబ్బుంది, ట్రీట్‌మెంట్ మొదలుపెట్టా, పన్నెండున్నరకి నాతో కాసేపు కూర్చుంటావా’ అంటే చాలు. చెత్త మూట తీసుకుని తెల్లవారుజామున వీధి చివరకి నడిచే పని మీకు తప్పుతుంది. అమ్మతో కొంచెం కష్టం. ఫోన్ ఎత్తగానే ‘తిన్నావా’ అని అడిగే మనిషే, పండక్కి ఇంటికెళ్తే ‘ఏంట్రా ఇంత లావయ్యావు’ అంటుంది, ఆ రెండు మాటల మధ్యే ఇంకో నేతి గారె వడ్డిస్తుంది. ఆవిడతో వాదన పెట్టుకోవద్దు. ‘నా ఒళ్లు గురించి కొన్నాళ్లు ఏమీ అనకమ్మా, డాక్టరు దగ్గరకి వెళ్తున్నా’ అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పండి. మళ్లీ అంటే మళ్లీ అదే మాట.

మధ్యలో జారతారు. అందరూ జారతారు. రెండు వారాలు బాగుండి ఒక రాత్రి పాత కథే నడిస్తే, నోట్‌బుక్‌లో రాసి, పొద్దున టిఫిన్ తినండి. వారానికి నాలుగు రాత్రులు రెండు అవడం, రెండు ఒకటి అవడం, ఇలా వస్తుంది మార్పు. మొదటి నాలుగు వారాల్లో కాస్తయినా కదలిక ఉన్నవాళ్లు చివరికి బాగా కోలుకుంటారని పరిశోధనల్లో మళ్లీ మళ్లీ కనిపించింది. కదలిక ఏమీ లేకపోతే ఒంటరిగా కుస్తీ పట్టకుండా మనిషి దగ్గరకి వెళ్లండి.

ఉత్తరం చివర కార్తీక సోమవారాలు ఉండొచ్చా అని అడిగారు, మీ ఇంట్లో అందరూ ఉంటారని. పగలంతా ఏమీ తినకుండా, నక్షత్రాలు కనిపించాక భోజనానికి కూర్చోవడం, ఆలోచించి చూడండి, మీ అర్ధరాత్రి లెక్కకి ఎంత దగ్గరగా ఉందో. ఈ ఏడాదికి వద్దు. ఒంట్లో బాగోలేనివాళ్లకి ఉపవాసం నుంచి మినహాయింపు మన పెద్దలు ఎప్పుడో ఇచ్చారు, బాలింతలకీ ముసలివాళ్లకీ ఇస్తూనే ఉన్నారు. దీపం పెట్టండి, గుడికి వెళ్లండి, వెళ్లే ముందు టిఫిన్ చేయండి. వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది మీకు చికిత్స చేసేవాళ్లతో కలిసి చూసుకోవచ్చు.